దొడ్డిలో సమారాధన

22 అక్టోబరు 2025, బుధవారం. కార్తీక శుద్ధ పాడ్యమి

ఈ ఏడు వనసమారాధన మన దొడ్లోనే అని అత్తయ్యగారు పొద్దున్న కాఫీ దగ్గర తేల్చేశారు. నిరుడు పేరుపాలెం బీచి దగ్గర సరుగుడు తోటలో పెట్టుకున్నాం. తోట బాగానే ఉంది గానీ మాలాంటి గుంపులు పక్కపక్కనే, గుంపుకో మైకు. పులిహోరలో ఇసక. ఆవిడకి ఎనభై ఆరు. "ఆ ఇసకలో నలుగురు నన్ను కుర్చీతో సహా మోశారు. నలుగురు మొయ్యాల్సిన రోజు వేరే ఉంది. అది వచ్చేదాకా నేనెక్కడికీ రాను, మీరే రండి" అన్నారు. ఈయన పేపరు పక్కకి దించకుండానే "సరే" అన్నారు. పని ఎవరి నెత్తిన పడుతుందో ఆయనకి తెలుసు.

రోజు కూడా కుదిరింది, నవంబరు 9, ఆదివారం. సోమవారాలు ఎవరూ దొరకరు. సగం మంది పాలకొల్లు క్షీరారామానికి, మిగతా సగం భీమవరం సోమారామానికి. ఓపిక ఉన్నవాళ్ళు బస్సెక్కి అయిదు పంచారామాలూ ఒకే రోజున చుట్టి వస్తారు. ఆదివారమైతే హైదరాబాదు వాళ్ళూ రాగలరు. అరవై మంది లెక్క.

సాయంత్రం వాన తెరిపిచ్చాక ఈ పుస్తకం పట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. పన్నెండు సెంట్ల జాగా. చూసినవాళ్ళు తోట అంటారు. మనుషులు కూర్చోడానికి పనికొచ్చే చోటెంత అని చూస్తే మాత్రం సగానికి సగం పోయింది. ప్రహరీ వెంబడి ఏడు కొబ్బరి చెట్లు. కాయ పడే మేర, మట్ట పడే మేర ఎవర్నీ కూర్చోబెట్టడానికి లేదు. మునగ కింద మాను మొదట్లో గొంగళిపురుగులు అట్టకట్టి ఉన్నాయి, ఈ వానలకి వాటికి పండగ. పనస కింద వేళ్ళు పైకి తేలాయి, కుర్చీ నిలవదు. నూతి దగ్గర పిల్లల భయం. నైరుతి మూల పుట్ట. మిగిలిందల్లా ఉసిరికీ మామిడికీ మధ్యనున్న జాగా. అక్కడ మా పాత కమోడు, సిమెంటు బస్తాలు గట్టిపడిపోయిన రాళ్ళు, విరిగిన టీవీ యాంటెన్నా, కొబ్బరి డొక్కల గుట్ట, రెండు రేకులు. ఇన్నేళ్ళుగా అంట్లు తోమే చప్టా మీంచి రోజూ చూస్తూనే ఉన్నాను. చుట్టాలొస్తున్నారంటే తప్ప కంటికి ఆనలేదు.

23, గురువారం

ఈయన బ్యాంకు మనిషి కదా, ప్లాను గళ్ళ కాగితం మీద గీసి తెచ్చారు. షామియానా, కింద రెండు ట్రాక్టర్ల రబ్బీసు, దాని మీద పచ్చ మ్యాటు, బఫే.

"షామియానా కింద కూర్చుంటే ఇంక వనం ఏదండీ?"

"చెట్టు నీడ కదుల్తుంది. షామియానా నీడ కదలదు."

అదీ నిజమే. అందుకని మబ్బు విడిచినప్పుడల్లా వెళ్ళి, పన్నెండింటికి నీడ ఎక్కడుంది, ఒంటిగంటకెక్కడ, రెండింటికెక్కడ అని ఇటుక ముక్కలు పెట్టి వచ్చాను. కార్తీకంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, మధ్యాహ్నం నీడ ఉత్తరం వైపు పడి, ఆ తరవాత మెల్లిగా తూర్పుకి జరుగుతుంది. అంటే బంతి ఉసిరికి ఉత్తరాన, కాస్త తూర్పుగా వెయ్యాలి. ఈయన కాగితంలో షామియానా సరిగ్గా చెట్టుకి దక్షిణాన ఉంది.

రబ్బీసు మాత్రం వద్దే వద్దన్నాను. మాది బంకనేల. వాన పడితే చెప్పు వదలదు, నిజమే. కానీ ఒక్క పూట భోజనం కోసం రాళ్ళు పోస్తే మళ్ళీ ఆ జాగాలో బచ్చలి తీగ కూడా పాకదు. మిల్లు నుంచి ఊక తెప్పించి దట్టంగా పరిస్తే చాలు. తడి లాగుతుంది, నడిస్తే మెత్తగా ఉంటుంది, తరవాత పాదుల్లోకి ఎత్తెయ్యొచ్చు.

రాత్రి ఆడపడుచు కొడుకు హైదరాబాదు నుంచి ఫోను. "అత్తా, థీమ్ ఏంటి?" కార్తీకమాసం రా అన్నాను.

24, శుక్రవారం

దింపు మనిషి ఎట్టకేలకి వచ్చాడు. రెండు నెలలకోసారి రావాల్సినవాడు, కబురు మీద కబురు పెట్టించుకుని గానీ రాడు. "చెట్లెక్కేవోళ్ళేరండీ? మా వోడు కూడా హైదరాబాదెళ్ళి డెలివరీ పన్లో సేరేడండి" అన్నాడు. కాళ్ళకి బంధం తగిలించుకుని అంత ఎత్తు చెట్టునీ మాట్లాడుతూనే ఎక్కేశాడు. ఆ వయసులో నాకు మేడ మెట్లే ఎక్కువ.

"కాయ ఒక్కటే దింపితే చాలదయ్యా. ఎండు మట్టలు, ఎండు గెలలు, అన్నీ లాగెయ్. తల శుభ్రంగా ఉండాలి."

"ఆయ్, అలాగేనండి. సుట్టాల నెత్తిన పడకూడదంటారు."

ఏడు చెట్ల కింద కాయలు రాశి పడ్డాయి. ఈ ఏడు కొబ్బరికి ధర బాగా పలికింది, వర్తకుడు పిలవకుండానే ఆటో వేసుకుని వచ్చాడు. ఇంటికి సరిపడా ఉంచుకుని మిగతావి ఇచ్చేశాం. డొక్కల గుట్టని కూడా దింపు మనిషి చేత, పనమ్మాయి చేత పశువుల పాకలోకి మార్పించాను. పశువులు పోయి చాలా కాలమైంది, పాక మాత్రం ఉంది. ఈయన అటకెక్కించాల్సినవన్నీ అందులోకే తోస్తారు. కమోడు పాత సామాన్ల వాడికి ఇస్తే వద్దన్నాడు.

25, శనివారం. నాగుల చవితి

తెల్లారకముందే వీధి ఆడవాళ్ళంతా పక్క సందులోంచి దొడ్లోకి వచ్చారు. మా పుట్ట ఈ వీధికంతటికీ పుట్టే. పాలు, చలిమిడి, చిమ్మిలి, వడపప్పు. వానకి పుట్ట ఓ పక్క జారిపోయి బొరియ పెద్దదై కనిపించింది. ఈయన అది చూసి, పిల్లలొస్తారు కదా, చదును చేయించేద్దామా అని నెమ్మదిగా అన్నారు. నెమ్మదిగా అన్నా అత్తయ్యగారికి వినపడింది. మామూలుగా పక్కన నుంచుని అరిచినా వినపడదు.

"వాళ్ళు మనకంటే ముందు నుంచీ ఇక్కడ ఉన్నారు. మీ నాన్న ఈ స్థలం కొన్నప్పుడు పుట్ట ఉంది, ఇల్లు లేదు."

వాళ్ళు అంటే పాములు. పుట్ట జోలికి ఎవరూ వెళ్ళకూడదని తేలింది. చుట్టూ నాలుగు కర్రలు పాతి, తాడు కట్టి, ఆ తాడుకి బంతిపూల దండలు వేలాడదీస్తాం. పెద్దవాళ్ళకి భక్తి, పిల్లలకి హద్దు.

26, ఆదివారం

బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు పొద్దున్న. అది తుపాను అవుతుందంటున్నారు. పేరు కూడా వచ్చేసింది, మొంథా. థాయ్‌లాండ్ వాళ్ళు ఇచ్చిన పేరట. కాకినాడ, మచిలీపట్నం మధ్య అని టీవీలో గీత గీసి చూపిస్తున్నారు. ఆ గీత మధ్యలో ఉన్నది మన నరసాపురమే.

సమారాధన పనులకని రమ్మన్న మనిషే ఇవాళ తుపాను పనులు చేశాడు. చూస్తే రెండూ ఒకటే. దొడ్లోంచి వీధి డ్రెయిన్లోకి పోయే కాలవ పూడిపోయింది, పార పెట్టి తవ్వించాను. చుట్టాల కాళ్ళకి బురద అంటకూడదని నిన్నటిదాకా అనుకున్నది, ఇవాళ నీళ్ళు వంటింట్లోకి రాకూడదని. నూతి మీద ఇనప చట్రం బిగించాడు. విడి రేకులు రెండూ పాకలో పడేసి పైన బండ రాళ్ళు పెట్టాడు. యాంటెన్నా పీకేశాడు. కొబ్బరి తలలు ముందే శుభ్రం చేయించాం కాబట్టి ఆ బెంగ లేదు. "ముందే దింపేరు, బతికేరండి. ఇయ్యాల దింపు మడిసి కాళ్ళట్టుకున్నా రాడు" అన్నాడు.

27, సోమవారం

మొదటి కార్తీక సోమవారం. వలంధర రేవుకి వెళ్ళి స్నానం చేసి రావడం ఆనవాయితీ. ఈయన వద్దన్నా నేనూ ఎదురింటావిడా వెళ్ళి, మెట్ల మీదే నెత్తిన నీళ్ళు చల్లుకుని, అరటి దొప్పలో దీపం పెట్టి వదిలి వచ్చాం. వశిష్ఠ గోదావరి బురద రంగులో ఉంది. దీపం నాలుగు బారలు కూడా పోలేదు, గాలికి ఆరిపోయింది. సఖినేటిపల్లికి వెళ్ళే పంటు కట్టేశారట. సముద్రం మీదకి వెళ్ళిన బోట్లన్నీ వెనక్కి వచ్చేశాయని రేవులో చెప్పుకుంటున్నారు.

బళ్ళకి సెలవులు. కొవ్వొత్తులు, బ్రెడ్డు, పాల ప్యాకెట్లు. వీధి చివరి కొట్లో అగ్గిపెట్టెలు కూడా అయిపోయాయి.

28, మంగళవారం. రాత్రి

కొవ్వొత్తి వెలుగులో రాస్తున్నాను. కరెంటు సాయంత్రమే తీసేశారు. గాలి మొదట ఈశాన్యం నుంచి, ఇప్పుడు చుట్టూరా. అత్తయ్యగారు 96 గురించి చెబుతూ కూర్చున్నారు. ఆ నవంబరు 6 రాత్రి మా దొడ్లో పదకొండు కొబ్బరి చెట్లు ఉండేవి, తెల్లారేసరికి నాలుగు. ఇప్పుడున్న ఏడింటిలో మూడు ఆ తరవాత నాటినవే. కోనసీమలో ఆ రాత్రి పోయిన చెట్లకి లెక్కే లేదు. ఆవిడ చెబుతుంటే బయట ఏదో పెద్దది విరిగింది. ఏ చెట్టో చీకట్లో తెలియలేదు. "మామిడి" అన్నారు ఆవిడ, చప్పుడుని బట్టి.

29, బుధవారం

మామిడే.

అర్ధరాత్రి ప్రాంతంలో నరసాపురానికి దగ్గరలోనే తీరం దాటిందని రేడియోలో చెప్పారు. గాలి గంటకి తొంభై నుంచి వంద కిలోమీటర్లు. మామిడికి ఉసిరి వైపు వాలిన పెద్ద కొమ్మ మొదలంటా చీలిపోయింది. ఆ కొమ్మ నీడ మీదే నేను ఇటుక ముక్కలు పెట్టుకున్నాను. మునగ పూర్తిగా నేలకొరిగింది, గొంగళిపురుగుల సమస్య తీరింది. అరటి గెలలు వేసినవీ వెయ్యనివీ అన్నీ పడుకున్నాయి. ఉసిరికి ఉత్తరం కొమ్మ ఒకటి విరిగింది గానీ మాను నిలబడింది. దొడ్డి నిండా కాయలు, పచ్చివి, ఎక్కడ అడుగు పెడితే అక్కడ. కొబ్బరి చెట్లు ఏడూ ఉన్నాయి, మట్టలు మాత్రం చెట్టుకి రెండో మూడో తెగి పడ్డాయి.

నీళ్ళు చీలమండ దాకా. పొద్దున్న పోటు, డ్రెయిన్లు లాగలేదు. మధ్యాహ్నం ఆటు మొదలయ్యాక ఆదివారం తవ్విన కాలవ పని చెయ్యడం మొదలెట్టింది. గట్టు మీద నుంచుని నీళ్ళు కదలడం చూస్తూ ఉండిపోయాను. పొయ్యి మీద పాలు పొంగినా పట్టించుకోలేదు.

పాక గోడ వారగా నీరుకట్టు పాము ఒకటి. అటు కాపలాకి ఈయన్ని పెట్టాను.

31, శుక్రవారం

మొగల్తూరు దగ్గర మా అన్నయ్యకి ఫోను చేశాను. సార్వా వరి పొట్ట మీదా, గింజ పాలు పోసుకునే దశలోనూ ఉన్నప్పుడు పడిపోయింది. నీళ్ళల్లో పడ్డ చేను. ఇలాంటప్పుడు అరవై మందిని పిలిచి బూరెలు వడ్డించడం బాగుంటుందా అని నాకు నిన్నట్నించీ గుంజాటన. తుపాను పోయిందని సంబరం చేసుకుంటున్నట్టు ఉంటుందేమోనని అన్నయ్యతో అనేశాను కూడా.

"చేలో నీళ్ళు లాగేదాకా అక్కడ చెయ్యగలిగిందేం లేదే. గట్టు మీద కూర్చుని దాన్నే చూస్తుంటే మీ వదినకి బీపీ పెరుగుతోంది. వస్తాం. కంద నేను తెస్తాను, నేల కింద ఉంది కాబట్టి మిగిలింది."

అంతే, తేదీ మార్చలేదు. మైకు ఉండదు, అది ఒక్కటే మార్పు.

2 నవంబరు, ఆదివారం. క్షీరాబ్ది ద్వాదశి

సాయంత్రం తులసి పక్కన ఉసిరి కొమ్మ పెట్టి పూజ. ఏటా కొమ్మ కొయ్యడానికి అత్తయ్యగారి అనుమతి కావాలి. ఈసారి తుపాను కోసిపెట్టింది. ఉసిరికాయ పైన గుంట చేసి, నెయ్యి వేసి, వత్తి పెట్టి దీపాలు.

రాలిన కాయలన్నీ ఏరితే రెండు గంపలు. దెబ్బ తగిలినవి నలగ్గొట్టి పసుపు, ఉప్పు కలిపి జాడీలో వేశాను. నల్ల పచ్చడి. సమారాధన నాటికి ఊరుతుంది అనేసరికి అత్తయ్యగారు తల అడ్డంగా ఊపారు. "ఆదివారం ఉసిరికాయ తినకూడదు."

"ఉసిరి చెట్టు కింద భోజనం, ఉసిరి పచ్చడి లేకుండానా?"

"చెట్టు కింద కూర్చోమన్నారు గానీ చెట్టుని తినమన్లేదు."

దీనికి జవాబు ఏ పురాణంలోనూ ఉన్నట్టు లేదు. పచ్చడి చిన్న సీసాల్లో పెట్టి ఇంటికి ఇచ్చి, సోమవారం తెరవమని చెబుదాం అని ఈయన సలహా. మా కాపురంలో ఆయన చెప్పిన మంచి సలహాల్లో ఇదొకటి.

4, మంగళవారం

కొబ్బరి మట్టలతో ఏం చెయ్యాలా అని చూస్తుంటే తోట పనికొచ్చినవాడే చెప్పాడు. "తడికలల్లేత్తానండి, పందిరేసేద్దారి." మామిడి కొమ్మ పోయి ఖాళీ అయినచోట, ఎనిమిది సరుగుడు కర్రలు పాతి, పైన అల్లిన తడికలు. పచ్చి ఆకు కాబట్టి నీడ చల్లగా ఉంటుంది, సందుల్లోంచి గాలీ వెలుగూ వస్తాయి. షామియానా అడిగిన ఈయనా ఒప్పుకున్నారు, షామియానా వద్దన్న నేనూ ఒప్పుకున్నాను. కర్రలు మాత్రం రెండడుగుల లోతు పాతించాను. గాలి మీద నాకిప్పుడు నమ్మకం లేదు.

వంట స్వామిగారు వచ్చి జాగా చూసుకున్నారు. ఆగ్నేయం మూల గాడిపొయ్యి తవ్వాలన్నారు. మోకాలి లోతు, నాలుగు గుండిగలు వరసగా పట్టేంత పొడుగు. ఆగ్నేయం శాస్త్రానికి సరే, నాకు గాలి లెక్క కావాలి. ఈ రోజుల్లో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, పొగ నైరుతికి, అంటే పుట్ట వైపుకి పోతుంది. బంతి ఉత్తరాన. ఎవరి కళ్ళూ మండవు. పాముల సంగతి చెప్పలేను.

పొయ్యిలోకి ఏం పెడతారమ్మా అని అడిగారాయన. తుపాను తరవాత ఊళ్ళో ఎండు పుల్ల దొరకడం లేదు, పడ్డవన్నీ పచ్చి కట్టెలే. పాకలోకి తీసుకెళ్ళి డొక్కలు చూపించాను. ఎండు కొబ్బరి డొక్క చురుగ్గా అంటుకుంటుంది గానీ నిప్పు నిలవదు, బూరెల మూకుడుకి మాత్రం అదే మంచిదట. కందకీ పప్పుకీ సరుగుడు మొద్దులు కావాలి, అవి కొన్నాం.

5, బుధవారం. పౌర్ణమి

రేవులో జనం. వెళ్ళి వచ్చి పడుకున్నాను.

6, గురువారం

ఆకుల గొడవ. రావులపాలెం నుంచి తెప్పిద్దాం అనుకున్నాం, కోనసీమంతా అరటి చిరిగిపోయి ఉంది. దొడ్లో మా చెట్లు ముందే పోయాయి. ఉన్న ఒకటీ అరా ఆకు దువ్వెన పళ్ళలా చీలికలు. ఈయన మళ్ళీ ప్లాస్టిక్ పూత పళ్ళేలు, బఫే అన్నారు. కుదరదు. నుంచుని తినేదానికి చెట్టెందుకు, వంటింట్లో తినొచ్చు. చివరికి రాజమండ్రిలో మా చిన్నాన్నగారబ్బాయి అడ్డాకు విస్తర్లు పంపించాడు, ఏజెన్సీ అడవుల ఆకు. పుల్లలతో కుట్టినవి, ముదురు రంగు, పులుసు కారదు. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో చూశాను.

కింద కూర్చోగలిగినవాళ్ళు ఎందరు అని లెక్క తీస్తే పిల్లలు తప్ప ఎవరూ లేరు. అందరికీ మోకాళ్ళే. కాబట్టి బల్లల మీద బంతి, పిల్లలకి మాత్రం ఊక మీద గోనెలు, వాటి మీద చాపలు.

మేనల్లుడి భార్య ఫోనులో, బల్లల మీద మీ నరసాపురం లేసు పరిస్తే ఫొటోల్లో బాగుంటుంది అత్తయ్యా అంది. పెట్టెలో ఒకటుంది, మా పెళ్ళికి వచ్చింది. ముక్కల పులుసు మరక పడితే ఎవరు ఉతుకుతారు? ఎదురింటావిడ ముప్ఫై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. ఆవిడ ఇంట్లో బల్ల మీద ఏనాడూ లేసు చూడలేదు, పాత క్యాలెండరు కాగితం ఉంటుంది. ఆవిడనే అడిగాను. "మేం అల్లుతామండి, పరుచుకునేవోళ్ళు ఇంగ్లండులో ఉంటారు" అని నవ్వింది. నిరుడు, 2024లో, మన లేసుకి జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో వేశారు. దారం ధర పెరిగిందా, చేతికొచ్చే కూలి పెరిగిందా అని అడిగితే దారం ధరే అంది. బల్లల మీద తెల్ల కాగితం చుట్ట పరుస్తున్నాం.

7, శుక్రవారం

ఊక వచ్చింది, బస్తాలకి బస్తాలు. కింద నేల పైకి ఆరినట్టే ఉంది, వేలు గుచ్చితే లోపల ఇంకా జిగురు. ముందు ఓ పొర ఇసక, పైన ఊక. నడిచి చూశాం, అత్తయ్యగారి కర్ర దిగబడలేదు. పరీక్ష పాసయింది.

మంచినీళ్ళ టిన్నులకి చెప్పాను. మా బోరు నీళ్ళు ఉప్పన, చేతులు కడుక్కోడానికే. అందుకోసం గాబు తోమించి నింపాం, పక్కన చెంబులు, ఆ నీళ్ళు పోవడానికి కంద పాదు దాకా చిన్న కాలవ. పాత మరుగుదొడ్డికి గడియ పెట్టించాను, దీపం పెట్టించాను. ఎంత గొప్ప విందైనా ఆడవాళ్ళు గుర్తు పెట్టుకునేది ఇదే.

8, శనివారం

మేనల్లుడు దిగాడు. సూట్‌కేసులో బట్టల కంటే సీరియల్ లైట్లు ఎక్కువ. మధ్యాహ్నం భోజనానికి లైట్లెందుకురా అంటే, సాయంత్రం దాకా ఉంటాం కదా అన్నాడు. తడిసిన చెట్టు, అతుకుల వైరు, చుట్టూ పిల్లలు. చెట్టు మీద వద్దు, వసారా చూరుకి కట్టుకో అన్నాను. కాస్త మొహం మాడ్చుకున్నాడు. తరవాత వాడే వేపాకు, కొబ్బరి పీచు కుంపట్లో వేసి మూలమూలకీ దోమల పొగ పట్టాడు. వాడి ఖరీదైన చొక్కా ఇప్పుడు కార్తీక సమారాధన వాసన.

డల్లాస్ మరిది వీడియోలో దొడ్డంతా తిప్పి చూపించమన్నాడు. వాళ్ళక్కడ పార్కులో షెడ్డు ముందుగా బుక్ చేసుకుని వనభోజనాలు పెట్టుకుంటారట. ఎవరెక్కడ పొయ్యి పెట్టాలో, ఎన్నింటికి ఖాళీ చెయ్యాలో బోర్డు మీద రాసి ఉంటుందట. ఇక్కడ ఆ బోర్డు మా అత్తయ్యగారు.

రాత్రి కంద తరుగుడు. చేతులు దురద. చింతపండు నీళ్ళు, కొబ్బరి నూనె.

9, ఆదివారం. రాత్రి

డెబ్భై మందికి పైనే వచ్చారు. పిలవని ఇద్దరిని ముగ్గురు తమ చుట్టాలే అన్నారు. వడ్డించేశాం.

పొద్దున్న తొమ్మిదింటికి ఉసిరి మొదట్లో విష్ణువు పటం, పూజ. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని కార్తీక పురాణం ఒక అధ్యాయం చదివించారు, చదివింది మా అన్నయ్య మనవరాలు, తొమ్మిదో తరగతి. సంస్కృత పేర్ల దగ్గర తడబడితే డెబ్భై మందీ అందించారు.

కంద బచ్చలి కూర, ఆవ పెట్టిన అరటికాయ, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, కొబ్బరి పచ్చడి, పప్పు, బూరెలు, పరమాన్నం, పెరుగు. ఉల్లీ వెల్లుల్లీ లేవు. కంద గురించి అన్నయ్యని అందరూ పొగిడారు. వరి గురించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. రెండో బంతి అయ్యాక మాత్రం మొగల్తూరు వైపువాళ్ళూ పాలకొల్లు వైపువాళ్ళూ నలుగురైదుగురు మగవాళ్ళు పనస చెట్టు కింద నుంచుని చాలాసేపు మాట్లాడుకున్నారు. పడిన చేను కట్టలు కట్టి లేపడానికి కూలి ఎంత, మొలక వస్తే మిల్లువాడు తీసుకుంటాడా, ఎకరానికి ఎన్ని బస్తాలు మిగులుతాయి. వదిన అటు వెళ్ళలేదు. బూరెల దగ్గర కూర్చుని నవ్వుతూనే ఉంది. ఆవిడ నవ్వి చాలా రోజులైందని అన్నయ్య నాతో వేరుగా అన్నాడు.

పందిరి నీడ సరిపోలేదు. ఒంటిగంటన్నరకి బల్లల ఆఖరి వరస ఎండలో పడింది. ఈయన నా వైపు చూశారు, ఏమీ అనలేదు. బల్లలు ఎత్తి తూర్పుకి ఓ బారెడు జరిపారు కుర్రాళ్ళు. విస్తళ్ళతో సహా. తింటున్న పెద్దాయన ఒకాయన కుర్చీతో సహా జరిగారు, పులుసు కలుపుకోవడం ఆపలేదు.

పిల్లలు ఊకలో పొర్లారు. అది మేం లెక్కలోకి తీసుకోలేదు. జుట్టుల్లో, చెవుల్లో ఊక. పుట్ట తాడు ఒక్కరూ దాటలేదు, బంతిపూలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

10, సోమవారం

వంట సామాను అప్పగించాం. ఒక అబక తక్కువ వచ్చింది. సప్లయర్సు కుర్రాడు గరిటెలన్నీ రెండుసార్లు లెక్కపెట్టి, ఒక గరిటె ఎక్కువ ఉంది కదా, పోనీలెండి అన్నాడు. ఆ గరిటె మాది.

ఊక సగం బచ్చలి పాదులోకి, సగం పనస మొదట్లోకి. విస్తర్లు గొయ్యి తీసి పూడ్చాం. పచ్చడి సీసాలు తెరిచినవాళ్ళు పొద్దున్నించీ ఫోన్లు. ఉప్పు ఒక చిటికెడు ఎక్కువైందని వదిన, ఘాటు తక్కువైందని హైదరాబాదు వాళ్ళు.

గాడిపొయ్యి పూడ్పించడానికి మనిషిని రమ్మన్నాను. వాడు పార తీసేలోగా ఎదురింటావిడ వచ్చి, వచ్చే ఆదివారం లేసు అల్లే ఆడవాళ్ళందరం కలిసి భోజనాలు పెట్టుకుందామనుకుంటున్నాం, ముప్ఫై మందిమే, మీ ఉసిరి కింద చోటిస్తారా అంది. ఇస్తామని అత్తయ్యగారు లోపల్నించే చెప్పేశారు. పార వెనక్కి పాకలో పెట్టించాను. పొయ్యిలో వాన పడకుండా రేకులు రెండూ కప్పించి, మీద అవే బండ రాళ్ళు పెట్టించాను. పందిరి తడికలు ఎండి పసుపెక్కుతున్నాయి, శుక్రవారం నాడు కొత్తవి రెండు మార్చాలి. నీడ తూర్పుకి ఇంకో బారెడు ఎక్కువ చూసుకోమని ఆవిడకి చెప్పాను.